కమిటీ తలుపుకి గడియ పెట్టకండి: మన అపార్ట్‌మెంట్ వాళ్ళందరికీ బహిరంగ లేఖ

మన ఐదు బ్లాకుల్లోని ఓనర్లందరికీ, అద్దెకుంటున్నవాళ్ళకీ నమస్కారం.

వచ్చే ఆదివారం ప్రత్యేక జనరల్ బాడీ మీటింగ్ ఉంది. ఎజెండా కాగితం లిఫ్టుల పక్కన అతికించారు, చూసే ఉంటారు. సెల్లార్‌లో లీకేజీ, జనరేటర్ మార్చడం, మెయింటెనెన్స్ పెంపు. వాట్సాప్ గ్రూపులో గొడవంతా మెయింటెనెన్స్ మీదే నడుస్తోంది. నాలుగో అంశం ఒక్క వాక్యమే కావడంతో ఎవరూ దాని జోలికి పోలేదు. ఇకమీదట ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ పదవులకు నిలబడాలంటే కనీసం మూడేళ్ళు కమిటీ మెంబరుగా చేసి ఉండాలని బైలా మారుస్తారట. నేను రాస్తున్నది ఆ ఒక్క వాక్యం గురించే.

వినడానికి సబబుగానే ఉంటుంది. 240 ఫ్లాట్లు, పెద్ద మొత్తంలో కార్పస్ ఫండ్, నాలుగు బోర్లు, పది లిఫ్టులు. ఏమీ తెలియని మనిషి వచ్చి కూర్చుంటే ఎలా? పదకొండేళ్ళు ట్రెజరర్‌గా చేసినవాణ్ణి, ఆ భయం నాకూ తెలుసు. కానీ కమిటీలోకి ఎవరు రావాలో ప్యానెల్ రాసేది ఎప్పుడూ పాత కమిటీయే కదా. పాతవాళ్ళు రానిస్తేనే అనుభవం వస్తుంది, అనుభవం ఉంటేనే పదవి వస్తుంది. అంటే తలుపుకి గడియ లోపలి వైపే ఉంటుంది. బయటున్నవాళ్ళు ఎంతసేపు తట్టినా తీయాలా వద్దా అన్నది లోపలున్నవాళ్ళ ఇష్టం.

ఇలాంటి గడియ ఒకటి 1297లో ఇటలీలోని వెనిస్‌లో పెట్టారు. అది రాజు లేని నగరం, వర్తకుల రాజ్యం. మహాసభ అని ఒకటి ఉండేది. అంతకుముందు ఓడల వ్యాపారంలో కొత్తగా పైకొచ్చినవాళ్ళు కూడా అందులోకి రాగలిగేవారు. ఆ ఏడు నియమం మార్చారు. గత నాలుగేళ్ళలో సభలో కూర్చున్నవాళ్ళకి దారి సులువు చేశారు, కొత్తవాళ్ళు రావాలంటే ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలన్నారు. మొదట్లో అదొక చిన్న సర్దుబాటులాగే కనిపించింది. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి సభలో చోటు తండ్రి నుంచి కొడుక్కి పోయే ఆస్తి అయింది. తర్వాత ఆ కుటుంబాల్లో పుట్టినవాళ్ళ పేర్లు ఎక్కించుకోవడానికి ఒక పుస్తకం పెట్టుకుని దానికి బంగారు పుస్తకం అని పేరు పెట్టుకున్నారు. యుద్ధానికి డబ్బు కావలసినప్పుడు మాత్రం కొన్ని కొత్త కుటుంబాలను రానిచ్చారు. 1797లో నెపోలియన్ వచ్చి పడేదాకా, ఐదు వందల ఏళ్ళు, ఆ ఏర్పాటు అలాగే సాగింది. చరిత్రకారులు 1297 నాటి మార్పుని ‘మూసివేత’ అనే పిలుస్తారు.

దీనికి గ్రీకులు పెట్టిన పేరు ఆలిగార్కీ. కొద్దిమంది పాలన అని అర్థం. ఈ మధ్య టీవీల్లో ఈ మాట తెగ వినిపిస్తోంది, ఎక్కువగా రష్యా కోటీశ్వరుల గురించి. 1990ల్లో సోవియట్ కూలిపోయాక ప్రభుత్వ చమురు కంపెనీలూ నికెల్ గనులూ చవగ్గా దక్కించుకున్నవాళ్ళకి ఆ పేరు స్థిరపడిపోయింది. దాంతో ఆలిగార్కీ అంటే సొంత విమానాలున్నవాళ్ళ సంగతి, మనకేం సంబంధం అనుకుంటాం. అరిస్టాటిల్ అలా అనుకోలేదు. పాలించేవాళ్ళు ఎంతమంది అన్న లెక్క ఆయనకి ముఖ్యం కాదు. ఆస్తి ఉన్నవాళ్ళు తమ మేలు కోసం పాలిస్తే అది ఆలిగార్కీ. వాళ్ళు సంఖ్యలో ఎక్కువున్నా సరే అదే పేరు అన్నాడు.

ఈ మాట చదివినప్పుడు నాకు మన అద్దె ఇళ్ళ వాళ్ళు గుర్తొచ్చారు. మన ఫ్లాట్లలో మూడో వంతుకి పైగా అద్దెకే ఉన్నాయి. మెయింటెనెన్స్ వాళ్ళే కడుతున్నారు. నీళ్ళు రాకపోతే ఆఫీసుకి ఆలస్యమయ్యేది వాళ్ళే. మీటింగుకి వస్తే మాత్రం వెనక కుర్చీల్లో కూడా చోటు లేదు, ఓనర్లు కారు కాబట్టి. మన వాచ్‌మన్ల కుటుంబాల గురించయితే ఎజెండాలో ఒక్క అక్షరం ఎప్పుడూ చూడలేదు, నేను ట్రెజరర్‌గా ఉన్న రోజులతో సహా. కాబట్టి కమిటీ తొమ్మిది మందిని తప్పుపట్టే ముందు, ఓనర్లమైన మనం కూడా కొద్దిమందిమేనని ఒప్పుకోవాలి.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా పెద్ద మాటలు మాట్లాడే హక్కు నాకు లేదు.

2010 ఎండాకాలం పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కొత్తగా దిగాం, ఎవరికి ఎవరం సరిగ్గా తెలియదు. అప్పుడున్న రెండు బోర్లూ ఒకే వారంలో ఎండిపోయాయి. మంజీరా నీళ్ళ పైపు లైను ఇంకా మన గేటు దాకా రాలేదు. ఐదుగురం తెల్లవారుజామున నాలుగింటికి లేచి మెయిన్ రోడ్డు మీద నిలబడేవాళ్ళం. ట్యాంకర్ దొరికితే నేను డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చునేవాణ్ణి, దారిలో ఇంకెవరూ మళ్ళించుకోకుండా. వానలు పడ్డాక జనరల్ బాడీ పెడితే, ఆ ఐదుగురినీ చప్పట్లు కొట్టి కమిటీలో కూర్చోబెట్టారు. పోటీ లేదు, ఓటింగు లేదు. ఆ చప్పట్లు మనస్ఫూర్తిగా కొట్టినవే. అందులో ఎవరి కుట్రా లేదు.

రెండేళ్ళకి మళ్ళీ ఏకగ్రీవం. ఆ తర్వాతా అంతే. “మీరుండగా మాకేం టెన్షన్ అంకుల్” అనేవారు. వినడానికి ఎంత బాగుండేదో. ఈలోగా చెక్కుబుక్కు మా ఇంటి బీరువాలోకి వచ్చింది. మినిట్స్ పుస్తకాలూ అక్కడికే చేరాయి. బోరు మెకానిక్ నంబరు, లిఫ్టు మనిషి నంబరు, లైన్‌మన్ నంబరు నా ఫోన్లోనే. ఏ వాల్వు తిప్పితే ఏ బ్లాకుకి నీళ్ళు పోతాయో నాకూ వాచ్‌మన్‌కీ తప్ప తెలియదు. ఇదంతా దాచుకోవాలని నేను దాచుకోలేదు. ఎవరూ అడగలేదు, నేనూ రాసి పెట్టలేదు. కానీ ఆ బీరువా నా ఇంట్లో ఉన్నంత కాలం నన్ను కాదని ఇక్కడ ఏ పనీ జరగదు.

2019లో సి బ్లాక్ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. లిఫ్టుల మెయింటెనెన్స్ కాంట్రాక్టు కాగితాలు ఒకసారి చూస్తానంది. మా ఆవిడ టీ ఇచ్చింది. బీరువా నా కుర్చీ వెనక మూడడుగుల దూరంలో ఉంది, తాళం చెవి దానికే వేలాడుతోంది. లేచి తీయడానికి అర నిమిషం చాలు. నేను లేవలేదు. “ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, మా మీద నమ్మకం లేదా అమ్మా?” అన్నాను. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. “అయ్యో, అలా కాదంకుల్” అని, టీ సగంలోనే గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు.

2022లో నాకు స్టెంట్ వేశాక బాధ్యతలు అప్పజెప్పాలని కాగితాలన్నీ బయటికి తీశాను. ఊరికే కుతూహలం కొద్దీ పక్క అపార్ట్‌మెంట్ ట్రెజరర్‌తో లెక్కలు పోల్చి చూశాను. అవే లిఫ్టులు. వాళ్ళకంటే మనం ఏటా మూడో వంతు ఎక్కువ కడుతూ వచ్చాం, తొమ్మిదేళ్ళపాటు. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు, ఇది ప్రమాణం చేసి చెప్పగలను. రెండో కొటేషన్ అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే. తోచిన ఒక్క పిల్లనీ నేను ఆ మాటతో పంపించేశాను.

“మా మీద నమ్మకం లేదా?” అన్న మాట గురించి చాలా ఆలోచించాను. మన ఇళ్ళల్లో ఇంతకంటే బలమైన తాళం లేదు. లెక్క అడిగితే అవమానించినట్టు, కాగితం చూపించమంటే దొంగ అన్నట్టు. పెద్దాయన కదా, ఏమనుకుంటాడో అని మొహమాటం. ఆ మొహమాటం మీదే నా పదకొండేళ్ళ పెత్తనం నిలబడింది. జులుం చేయలేదు, ఎవరినీ బెదిరించలేదు. ఆ అవసరమే రాలేదు.

మన ప్రాంతం చరిత్రలో కాగితం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళదే అయిన కథ ఇంతకంటే ఎన్నో రెట్లు ఘోరంగా జరిగింది. ఆ దౌర్జన్యాన్నీ మన కమిటీనీ ఒకే గాట కట్టడం లేదు, అది అన్యాయం. మొదలైన తీరు మాత్రం గమనించండి. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు మొదట పన్ను వసూలు చేసే ఉద్యోగులు. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు పన్ను నేరుగా ప్రభుత్వమే వసూలు చేసుకోవాలని సంస్కరణ తెచ్చాడు. మంచి సంస్కరణే. పని పోయినవాళ్ళకి పరిహారంగా వతన్లు, అంటే తరతరాలుగా అనుభవించే హక్కులు, ఇచ్చారు. కానీ ఏ పొలం ఎవరిది, ఏది సారవంతం, రికార్డులో ఏం రాసి ఉంది అన్నది వాళ్ళకే తెలుసు. ఆ తెలివిడితోనే వేల ఎకరాల మంచి భూములు తమ పేర రాయించుకున్నారు. దున్నుకుంటున్న రైతుకి తన భూమి పోయిందన్న సంగతి కూడా తెలియని చోట్లున్నాయి. పదవి పోయినా పెత్తనం పోలేదు, ఇంకా పెరిగింది. గడీలు లేచాయి, వెట్టి చాకిరీ వచ్చింది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలే.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఊళ్ళో భూమి లెక్కలు మాత్రం వంశపారంపర్యంగా పటేల్ పట్వారీల దగ్గరే ఇంకా చాలా ఏళ్ళు ఉండిపోయాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980ల మధ్యలో ఆ వ్యవస్థను తీసేసేదాకా, సొంత పొలం కాగితం కోసం పట్వారీ ఇంటి అరుగు మీద పడిగాపులు కాసిన రైతులు మన తాతల్లోనే ఉన్నారు. మా తాత ఆ కథలు చెప్పేవాడు. మరి మా బీరువా ముందు ఆ పిల్ల కూర్చున్నప్పుడు అవి నాకెందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇటలీకి చెందిన గయెటానో మోస్కా అనే రాజకీయ శాస్త్రవేత్త 1896లోనే ఈ సంగతి సూటిగా చెప్పాడు. ప్రతి సమాజంలోనూ పాలించేవాళ్ళు కొద్దిమందే, పాలితులు ఎక్కువమంది. ఆ కొద్దిమంది గెలిచేది కలిసికట్టుగా ఉండటం వల్ల. వేలమంది ఉన్నా, వాళ్ళలో ప్రతి మనిషీ ఆ కట్టుని ఒంటరిగానే ఎదుర్కోవాలి. మన వాట్సాప్ గ్రూపులో జరిగేది ఇదే. ఎవరైనా ఒక ప్రశ్న పెడతారు. పది నిమిషాల్లో కమిటీ వాళ్ళు ఆరుగురు ఒకే మాట జవాబిస్తారు, ముందే మాట్లాడుకుని ఉంటారు కాబట్టి. మిగతా రెండు వందల మంది మనసులో ‘కరెక్టే అడిగాడు’ అనుకుంటారు, కానీ పైకి ఎవరూ అనరు. అడిగినవాడు తానొక్కడే అనుకుని ఊరుకుంటాడు.

రాబర్ట్ మిఖెల్స్‌ది ఇంకా దగ్గరి అనుభవం. జర్మనీ మనిషి, సోషలిస్టు. సమానత్వం కోసమే పుట్టిన తన పార్టీలో, కార్మిక సంఘాల్లో, అవే ముఖాలు ఏళ్ళ తరబడి ఎందుకు కూర్చుంటున్నాయని ఆలోచించి 1911లో తన సిద్ధాంతం రాశాడు. సంఘం పెద్దదైతే పని తెలిసినవాళ్ళు కావాలి. పని తెలిసినవాళ్ళ చేతికి సమాచారం, డబ్బు, పత్రిక వస్తాయి. మామూలు సభ్యులకి తీరిక ఉండదు, పైగా నాయకుల మీద కృతజ్ఞత ఉంటుంది. కొన్నాళ్ళకి నాయకులకి సంఘం ఆశయం కంటే తమ కుర్చీ ముఖ్యమవుతుంది. ఇది తప్పించుకోలేని ఇనుప సూత్రం అన్నాడాయన. 2010 ఎండాకాలం నుంచి 2022 దాకా నా బతుకు నాకే చదివి వినిపించినట్టుంది.

ఆయన తర్వాత ఏమయ్యాడో కూడా తెలుసుకోవాలి. ఎలాగూ కొద్దిమందే పాలిస్తారన్న నిరాశతో చివరికి ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరిపోయాడు. మన గ్రూపులో అప్పుడప్పుడూ “ఈ మీటింగులు దండగ, ఒక గట్టి మనిషిని పెట్టుకుంటే చాలు” అనే మెసేజి వస్తుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

ఇదంతా అపార్ట్‌మెంట్ గొడవే కదా అనకండి. 2020 డిసెంబరులో మన హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఎన్నికలు 150 డివిజన్లకు జరిగాయి. నగరంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఆ ముందు వారం రోజులూ ఏం జరిగిందో నాకు తెలుసు, నేను కమిటీలోనే ఉన్నాను. ఒక అభ్యర్థి తరఫు మనుషులు వచ్చారు. ఫ్లాట్ల తలుపులు కొట్టలేదు. నేరుగా కమిటీ రూముకి వచ్చి కూర్చుని, “మీకు ఎన్ని సీసీ కెమెరాలు కావాలి సార్?” అని అడిగారు. 240 కుటుంబాల తరఫున మేము నలుగురం బేరం మాట్లాడుతున్నాం. ఇక్కడ మా నలుగురం, పక్క కాలనీలో ఇంకో నలుగురు, బస్తీలో ఇద్దరు పెద్దమనుషులు. ఇలా కలిపితే డివిజను అయింది. పైనున్న కొద్దిమంది, కిందున్న కొద్దిమంది భుజాల మీదే నిలబడతారు. ఆ రోజు నేను కెమెరాలు వద్దనలేదు, ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మిఖెల్స్ చెప్పిన సూత్రం ఎక్కడా తప్పలేదా అంటే, ఒకచోట గట్టిగా తప్పింది. అమెరికాలో అచ్చుపనివాళ్ళ సంఘం ఒకటుండేది. సంఘం లోపలే రెండు పార్టీలు, రెండూ నిజంగా పోటీపడేవి, పదవిలో ఉన్నవాళ్ళు ఓడిపోయేవారు కూడా. 1950ల్లో లిప్సెట్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు ఇదెలా సాధ్యమైందని పరిశీలించారు. వాళ్ళకి కనిపించిన కారణాలు చాలా మామూలువి. రాత్రి షిఫ్టుల వల్ల ఆ కార్మికులు ఒకరితో ఒకరు ఎక్కువ గడిపేవారు. వాళ్ళకి సొంత క్లబ్బులుండేవి. నాయకుడి అనుమతి లేకుండానే పదిమంది కూడి మాట్లాడుకోగల చోట్లు అవి. పైగా నాయకుడి ఆదాయానికీ కార్మికుడి ఆదాయానికీ పెద్ద తేడా లేదు. పదవి పోతే తిరిగి పనిలోకి వెళ్ళడం నామోషీ కాదు. కమిటీ లేని చోట మనం కలిసి మాట్లాడుకునే తావేది? పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే ఆ పది నిమిషాలు తప్ప నాకేమీ కనిపించడం లేదు.

అందుకని ఆదివారం నేను నాలుగో అంశానికి వ్యతిరేకంగా ఓటు వేస్తాను. దాని బదులు నా ప్రతిపాదన ఒకటి పెడతాను. ఎవరైనా ఏ పదవిలోనైనా వరసగా రెండుసార్లే ఉండాలి. అనుభవం పోతుందన్న భయానికి మందు, అనుభవాన్ని కాగితం మీద పెట్టడమే: వాల్వుల మ్యాపు, కాంట్రాక్టుల నకళ్ళు, ఫోన్ నంబర్లు, అన్నీ క్లబ్ హౌస్‌లో తాళం లేని అల్మారాలో ఉండాలి. మినిట్స్ రాసిన వారంలోపు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. అద్దెకున్నవాళ్ళకి ఓటు ఇవ్వడానికి ఓనర్లు ఇప్పుడే ఒప్పుకోకపోవచ్చు, మాట్లాడే హక్కు మాత్రం ఈ ఆదివారం నుంచే ఇవ్వాలి.

కమిటీ తొమ్మిది మందిలో ఇద్దరిని చీటీ వేసి ఎంచుకుందాం. ఇది విని నవ్వేవాళ్ళుంటారని తెలుసు. ప్రాచీన ఏథెన్స్‌లో 500 మంది మండలిని చీటీతోనే తీసేవారు, జీవితంలో రెండుసార్లకు మించి ఎవరికీ అవకాశం ఉండేది కాదు. అంత దూరం ఎందుకు, కంచి దగ్గరి ఉత్తరమేరూరులో చోళుల కాలం నాటి శాసనాలున్నాయి, 919, 921 సంవత్సరాలవి. పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడితో తీయించేవారు. ఒకసారి చేసినవాడు మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. పదవిలో ఉండి లెక్క అప్పజెప్పనివాడే కాదు, వాడి దగ్గరి బంధువులు కూడా అనర్హులు. అది భూమి, వేదవిద్య ఉన్న బ్రాహ్మణుల అగ్రహారం, ఊళ్ళో మిగతా కులాలకు ఆ కుండలో చీటీ లేదు. కాబట్టి దాన్ని ఆదర్శ ప్రజాస్వామ్యం అని నేననను. ఆ కొద్దిమందే అయినా, తమలో తాము పెత్తనం ఒకరి దగ్గర గడ్డకట్టకుండా జాగ్రత్తపడ్డారు. వెయ్యేళ్ళ కిందట రాతి మీద చెక్కించుకున్న ఆ జాగ్రత్త మనకెందుకు చేతకాదు?

సి బ్లాక్‌లో ఉండే ఆ అమ్మాయికి ఒక మాట. నువ్వింకా ఇక్కడే ఉన్నావు, లిఫ్టులో కనిపిస్తే నమస్తే అంటావు. ఆ రోజు నువ్వడిగింది న్యాయం. లేచి బీరువా తీయకపోవడం నా తప్పు. క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను.

2011 నుంచి 2016 దాకా మినిట్స్ పుస్తకాలు నాలుగు, లిఫ్టు కాంట్రాక్టు ఫైలు ఒకటి ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. ఆదివారం పదింటికి సెల్లార్‌లో మీటింగు. తొమ్మిదిన్నరకే తెచ్చి బల్ల మీద పెడతాను, ఎవరైనా తిరగేయవచ్చు. చీటీలకి మా అమ్మ నాటి ఇత్తడి బిందె ఉంది, అదీ తెస్తాను.

ఇట్లు,
బి బ్లాక్ నుంచి,
మీ మాజీ ట్రెజరర్